అరువు పిల్లలు

మా ఆయన మేస్త్రీ. ఇబ్రహీంపట్నం చుట్టూ చేలన్నీ ప్లాట్లు అవుతున్న కాలంలో ఎందరికో ఇళ్లు కట్టాడు. మా ఇంటికి మాత్రం బయటి గోడలకు గిలాబు చేయకుండానే పోయాడు. ఇటుకలు అలాగే కనబడుతుంటాయి. ఆ ఇటుకల సందుల్లో పిల్లలు చింతగింజలు, బలపం ముక్కలు, ఒకసారి సగం తిన్న బిస్కెట్టు కూడా దాచుకున్నారు. సిమెంటు పూసి ఉంటే పాపం వాళ్లకు ఆ అరలు ఉండేవి కావు.

పిల్లలను చూసుకునే పని నేను అనుకొని మొదలుపెట్టింది కాదు. ఆయన పోయిన కొత్తలో పక్కింటి పిల్ల మిషను కుట్టే పనికి పోతూ, "అత్తా, జర గంటసేపు చూడవా" అని కొడుకును వదిలింది. ఆ గంట సాయంత్రం దాకా సాగింది. మర్నాడు మళ్లీ గంటే అంది. ఆదిభట్లలో కంపెనీలు లేచాక మా గల్లీ ఆడపిల్లలు కూడా పనులకు ఎక్కారు. ఒకతె క్యాంటీన్లో, ఒకతె ఊడ్చి తుడిచే పనిలో, ఒకతె మన్నెగూడ చౌరస్తాలో బట్టల దుకాణంలో. పొద్దున్నే మూలమీద కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే, జడ సగం అల్లుకొని, సంకలో పిల్లాడితో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉరికొచ్చేవాళ్లు. పిల్లాడు నా చేతికి, డబ్బా అరుగు మీదికి, ఆమె బస్సులోకి. మాట్లాడుకునే తీరికే ఉండేది కాదు.

నా గొంతు పుట్టినప్పటి నుంచీ బొంగురే. మెల్లగా మాట్లాడినా పక్కింటికి తిడుతున్నట్టే వినబడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదట జడుసుకుంటారు. తర్వాత నా గొంతుతోనే ఒకరినొకరు బెదిరించుకుంటారు. "ఓయ్, అన్నం తింటవా లేదా" అని వాళ్లలో వాళ్లు బొంగురుగా అరుచుకుంటుంటే నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేదాన్ని.

వాళ్లందరిలో చిన్నది గోదావరి పాప. అలా ఎందుకంటున్నానంటే వాళ్ల అమ్మ ఆ జిల్లా నుంచి వచ్చింది. ఆమె భర్త లారీ నడుపుతాడు, ఇంట్లో ఉన్న రోజులకంటే దారిలో ఉన్న రోజులే ఎక్కువ. మా వెనక గల్లీలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆమె ఆదిభట్ల కంపెనీలో వైర్లు అతికే పనిచేసేది. కాన్పుకు సెలవు పెట్టి మళ్లీ పనిలో చేరే రోజున పాపను తెచ్చింది. అప్పటికి పాప ఇంకా కూర్చోవడం నేర్వలేదు. నా చేతికిస్తూ ఆమె ఏడుస్తోంది, పాప నా ముక్కుపుడక పట్టుకొని నవ్వుతోంది.

"పిన్నిగారూ, మీరే అమ్మ అనుకుంటున్నానండి," అంది.

"గారు, గీరు అనకు బిడ్డా. నాకు నిద్రొస్తది ఆ మాట వింటె," అన్నాను.

"అలాగే పిన్నిగారూ," అంది. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

ఇట్లా సాగుతుంటే ఒకరోజు సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన బండి మీద వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి లోపలికి తొంగి చూశాడు. పిల్లలను పెట్టుకొని చూసే ఇళ్లన్నిటికీ ఇప్పుడు సర్కారు పర్మిషన్ కావాలట. మేడమ్ వచ్చి చూస్తుందట. అన్నీ సరిగ్గా ఉంటే కాగితం ఇస్తారు, లేకుంటే పిల్లలను పెట్టుకోవడానికి వీల్లేదు. సోమవారం వస్తుందని చెప్పి, నేను ఇచ్చిన చాయ్ తాగకుండా పోయాడు.

సాయంత్రం పాపను తీసుకుపోవడానికి గోదావరి అమ్మాయి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె అరుగు మీద కూలబడింది.

"మీరు మూసేస్తే నేను మానేయాలండి. ఊళ్లో మా అత్తగారికి నడుమే లేవదు. మా అమ్మ లేదు. దీన్ని ఎవరి దగ్గర వదిలి వెళ్లను? మొన్ననే కదా చేరాను, మళ్లీ సెలవంటే వేరేవాళ్లను పెట్టుకుంటామన్నారు."

"మూసుడెందుకు? ఆమె వస్తది, చూస్తది, పోతది. ఫికర్ జేయకు," అన్నాను. అన్నానే గాని నాకూ ఫికరే పట్టుకుంది. మిగతా తల్లులకు అత్తో ఆడబిడ్డో ఎవరో ఒకరు ఉన్నారు. ఈ పిల్లకు నా గుమ్మం తప్ప ఇంకోటి లేదు.

మా ఎదురింట్లో వదినె ఉంటుంది. వరస కలిసి కాదు, ఎన్నో ఏళ్లుగా పిలిచి పిలిచి అయిన వదినె. భూములున్న ఇంటి మనిషి. చేను ప్లాట్లకు పోయాక డబ్బులొచ్చాయి, డాబా లేచింది, ఆమె చేతులకు మాత్రం పని పోయింది. పొద్దంతా ఎదురు అరుగు మీద కూర్చొని నా పిల్లలకు, నాకు, కంపెనీ బస్సుకు పేర్లు పెడుతుండేది. సంగతి తెలియగానే రోడ్డు దాటి వచ్చింది.

"గింతదానికి మొగం గట్ల పెట్టినవేందే? నీ తాన ఎంతమంది పోరగాండ్లున్నరు?"

"ఉన్నోళ్లే ఉన్నరు. నువ్వు జూస్తలేవా?"

"గదే. తక్కువున్నరు. మొన్న మా తల్లిగారూర్ల బడి ఎందుకు మూసిండ్రు? పిల్లలు లేరనే గద? చూడొచ్చిన ఆఫీసరు లెక్కవెట్టిండు, గింతమందికి బడెందుకన్నడు, తాళమేసిండు. నీ ఇల్లు గూడ గంతే. మేడమొచ్చేటాళ్లకు ఇల్లు నిండుగ కనవడాలె."

వినడానికి మాకు న్యాయంగానే అనిపించింది. సర్కారు బళ్లు పిల్లలు తగ్గితేనే మూశారు. పిల్లలెక్కువైతే మూసిన బడి మేమెక్కడా చూడలేదు. తల్లులకు చెబితే వాళ్లూ సరే అన్నారు. ఇంక వదినె చేతికి పని దొరికింది. ఆదివారమంతా గల్లీ గల్లీ తిరిగి పిల్లలను అరువడిగింది. ఎవరింట్లో పెళ్లయితే వాళ్లకు గిన్నెలు, జంపఖానాలు ఇస్తాం కదా, అట్లాగే ఇచ్చారు. ఒకావిడ మనవణ్ని ఇస్తూ, "జర పైలం, వీనికి కారం పెట్టొద్దు" అంది. ఇంకొకావిడ కవలలను పంపుతానంది. వదినె తన మనవరాలిని కూడా కలిపింది. ఆ పిల్లకు నాలుగేళ్లు, నోరు మాత్రం నలభై ఏళ్లది.

అరువు పిల్లలందరినీ మా వరండాలో కూర్చోబెట్టి వదినె పాఠం చెప్పింది.

"మేడమ్ అడిగితె ఏమంటరు?"

"రోజు వస్తం!"

"ఎక్కడుంటరు?"

"గీడనే ఉంటం!"

"నేనెవరు?"

"అవ్వ!" అంది మనవరాలు.

"కాదే! నేనెవరో నీకు ఎర్కలేదు. మేడమ్ ముంగట నన్ను అవ్వ అన్నవనుకో, లడ్డు ఇయ్య."

నేను చెబుతుంటే ఇదంతా రాసుకుంటున్న అమ్మాయి నవ్వుతోంది. నవ్వనీ, మేము ఆ రోజు నవ్వలేదు. మేము చాలా గట్టిగా పనిచేశాం.

సోమవారం పొద్దున మేడమ్ వచ్చింది. ముసలామె వస్తుందనుకున్నాను, పెళ్లయి పోయిన మా చిన్నమ్మాయి వయసుది. నూలు చీర, భుజాన సంచీ. గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లెక్కడ అని అడిగింది. అది నాకు నచ్చింది. లోపల అడుగు పెడదామంటే చోటు లేదు. గది నిండా పిల్లలు, వరండా నిండా పిల్లలు, మంచం మీద, మంచం కింద. కవలల్లో ఒకడు బియ్యం డబ్బా మీద కూర్చొని ఉన్నాడు. మేడమ్ ఒక్కో పిల్లాడిని జరుపుకుంటూ నడిచింది. నీళ్ల సంపు మూత కాలితో కదిపి చూసింది. కదిలింది. ఫినాయిల్ ఎక్కడ పెడతారంది. చూపించాను. వరండా గోడలో ఇటుక సందులో వేలు పెట్టి చింతగింజ తీసి, నా వైపు చూసి, కిటికీ మీద పెట్టింది.

"ఓయ్, జరుగుండ్రి!" అన్నాను పిల్లలను.

"అమ్మా, పిల్లలతో కొంచెం మెల్లగ మాట్లాడండి," అంది.

"ఇది మెల్లగనే మేడమ్," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, తల ఊపింది. తర్వాత అడిగింది. "వీళ్లందరూ మీ దగ్గరే ఉంటరా?"

"అవ్ మేడమ్. అందరు."

గుమ్మంలో నిలబడ్డ వదినె ఆగలేకపోయింది. "ఇంక శానమంది వస్తరు మేడమ్. ఇయ్యాల జర తక్కువున్నరు."

"చూసుకునేది ఎవరు?"

"నేనొక్కదాన్నే," అన్నాను గర్వంగా.

మేడమ్ సంచీ కింద పెట్టింది. ఆమె ముఖం కోపంగా లేదు, భయపడ్డట్టుగా ఉంది. "ఇంతమందిని ఒక్కరు చూసుడు రూల్ ఒప్పుకోదమ్మా. ఇంత చిన్న చోట్ల, సంపుకు తాళం లేకుండ... రేపు ఏమన్నయితే? దీన్ని నడవనిచ్చేది లేదు. ఇయ్యాలనే ఆపాలె."

సంకలో గోదావరి పాప ఉంది. దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"అయ్యో మేడమ్, తక్కువుంటె మూస్తరనుకున్నం!" అంది వదినె. "బడి మూసిండ్రు గద, గట్లనే అనుకొని మేమే తెచ్చినం. వీళ్లు ఈమె పిల్లలు గాదు. గల్లీ పిల్లలు. అరువు!"

"అరువా?"

"అవ్ మేడమ్. ఇగో ఇది నా మనవరాలు. మా ఇల్లు గా ఎదురుగ ఉన్నది. చెప్పవే, నేనెవరు?"

మనవరాలు వదినెను పైనుంచి కిందికి చూసింది. "నాకు ఎర్కలేదు," అంది.

"ఓసి నీ! ఇప్పుడు చెప్పొచ్చునే!"

"నేను రోజు వస్త మేడమ్. గీడనే ఉంట," అని మేడమ్ కొంగు పట్టుకుంది. "ఈమె ఎవరో నాకు ఎర్కలేదు."

మిగతావాళ్లు కూడా ఒక్కసారిగా అందుకున్నారు. "రోజు వస్తం! గీడనే ఉంటం!" ఇల్లు అదిరింది. మేము ఒట్లు పెట్టుకుంటున్నాం, పిల్లలు పాఠం చెబుతున్నారు. మేడమ్ ఎవరిని నమ్మాలి? అబద్ధం ఆడింది పెద్దవాళ్లమేనని ఆమెకు తెలుసు, ఏది అబద్ధమో తెలియదు. "అడగ్గనే అవునన్నరు, మూస్తనంటె కాదంటున్నరు," అంది.

"మీరు జరసేపు కూసోండ్రి మేడమ్," అన్నాను. "మీకే తెలుస్తది."

ఆమె వాచీ చూసుకుంది. పోతుందనుకున్నాను. కుర్చీ లాక్కొని కూర్చుంది.

నేను పప్పు, అన్నం కలిపి పెట్టాను. అరువు పిల్లలు కూడా తిన్నారు, ఇంట్లో తినని పిల్లలు ఇక్కడ మారు అడిగి తిన్నారు. ఈలోగా ఒకడు గిన్నె బోర్లించాడు, కవలలు కొట్టుకున్నారు, ఒక పిల్ల చడ్డీ తడుపుకుంది. నాకు చేతులు చాలలేదు. గోదావరి పాప ఏడుపు అందుకుంది. ఏం ఆలోచించలేదు, పాపను మేడమ్ ఒళ్లో పెట్టి, "జర పట్టుకో బిడ్డా," అని ఉరికాను. ఆఫీసరును బిడ్డా అన్నానని తర్వాత వదినె చెబితేగాని నాకు తెలియలేదు.

తిన్నాక మా ఇంట్లో నిద్ర వేళ. ఒక్కో తల్లి తాను కట్టి వదిలేసిన పాత చీర ఒకటి నా దగ్గర ఉంచుతుంది. పరుపులు, బొంతలు ఏవేసినా పిల్లలు నిద్రపోరు, ఆ చీర పరిస్తే పోతారు. అమ్మ వాసన ఉంటుంది కదా. ఉతికినా పోదు. నేను పెట్టె తెరవగానే నా పిల్లలు వచ్చి, ఎవరి చీర వాళ్లు లాక్కొని, ఎవరి మూల వాళ్లు చూసుకొని పడుకున్నారు. క్యాంటీను పిల్లాడు ఆకుపచ్చ చీర తల మీదికి కప్పుకున్నాడు. బట్టల దుకాణం ఆమె కూతురు అంచు నోట్లో పెట్టుకుంది.

అరువు పిల్లలు నిలబడి చూశారు. వాళ్లకు పెట్టెలో ఏమీ లేదు. కవలల్లో ఒకడు పెదవి విరిచాడు. "మా అమ్మ తాన పోత," అన్నాడు. రెండోవాడు అందుకున్నాడు. అంతే, వరండా అంతా ఏడుపు. ఆ ఏడుపులు విని గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. అవ్వలు, అత్తలు ఒక్కొక్కరే వచ్చి, "అగో, ఏమైందిరా నాయనా" అంటూ ఎవరి పిల్లలను వాళ్లు ఎత్తుకొని పోయారు. కారం తినని పిల్లాడి నాయనమ్మ, "కారం పెట్టినవా ఏంది?" అని నన్ను అడిగి మరీ పోయింది.

వదినె మనవరాలు మాత్రం చివరిదాకా పట్టు వదల్లేదు. నిద్రతో తూలుతూ మేడమ్ ముందు నిలబడింది. "నేను రోజు వస్త," అంది. కళ్లు మూతలు పడుతున్నాయి. వదినె చేతులు చాచింది. పిల్ల ఒక అడుగు వేసి ఆగి, "లడ్డు ఇస్తవా?" అంది.

"ఇస్త తియ్యి, రా."

అప్పుడు, "అవ్వా," అని ఆమె మెడ మీద పడింది.

మేడమ్ నవ్వింది. గట్టిగా నవ్వబోయి ఆపుకుంది, ఎందుకంటే గోదావరి పాప ఆమె ఒళ్లో నిద్రపోయింది. ఆమె వేలు దాని పిడికిట్లో ఉంది. లేవడానికి లేదు, కదలడానికి లేదు. నేను వచ్చి పాపను తీసుకోబోతే, ఉండనీయండని సైగ చేసింది. మిగిలిన పిల్లలను ఒక్కొక్కరినే చూపుతో లెక్కపెట్టింది.

"వీళ్లేనా?"

"వీళ్లే మేడమ్."

"వీళ్లకు కూడ మీరొక్కరు చాలరమ్మా," అంది మెల్లగా.

"ఇన్నేండ్లు ఒక్కదాన్నే సూస్తున్న గద."

"చూసిండ్రు. బాగనే చూసిండ్రు. కని ఇయ్యాల నేను లేకుంటె ఈ పాపను ఎవరి చేతికిచ్చేవాళ్లు? కింద పెట్టేవాళ్లు. సంపు మూత కదుల్తున్నది."

నాకు కోపం రావాలి. రాలేదు. అరువు పిల్లలు లేని రోజు కూడా గిన్నెలు బోర్లుతాయి, చడ్డీలు తడుస్తాయి. ఎన్నిసార్లు దాన్ని చాప మీద వదిలి పెరట్లోకి పోయానో నాకు తెలుసు. పోయిన ప్రతిసారీ అక్కడి నుంచే దానితో మాట్లాడుతుండేదాన్ని, నా గొంతు వినబడితే ఏడవదని. గొంతు పట్టుకుంటుందా ఏమిటి పిల్లను?

మేడమ్ చెప్పింది. సంపుకు తాళం, ముందు గేటుకు గొళ్లెం, పిల్లల చేతికందే ఇటుక సందులు పూయడం. ఇంకొక మనిషి, పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఉండాలి, ఆమెకు దవాఖానలో పరీక్ష చేసిన చీటీ ఉండాలి. పెద్ద పిల్లలను ఈలోగా ఉంచుకోవచ్చు. ఏడాది నిండని పిల్లను మాత్రం ఆ రెండో మనిషి వచ్చేదాకా పెట్టుకోవద్దు. ఏడాది నిండనిది ఒక్కతే. అది ఆమె ఒళ్లోనే ఉంది.

"దాని తల్లి రేపు పనికి పోవాలె మేడమ్," అన్నాను.

"అట్లయితె రేపటికే మనిషిని చూడండి," అంది.

ఎవరిని చూడను? పనిచేయగల వాళ్లంతా కంపెనీ బస్సులో పోయారు. నేను ఎదురింటి వైపు చూశాను. మనవరాలిని పడుకోబెట్టి వదినె అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

"నన్నేం జూస్తున్నవే? మేం ఒకలింట్ల పనిజేసేటోళ్లమా? మా కొడుకు ఏమంటడు?"

"పొద్దంత గా అరుగు మీద కూసొని నన్ను తిట్టుడు పని గాదా? గదేదో లోపటికొచ్చి తిట్టు," అన్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది. తర్వాత మేడమ్ ఒళ్లో ఉన్న పాపను చూసింది. "గీ పిల్లనా వద్దంటున్నరు? గింత ఉన్నది, ఏం తిన్నది గనక," అంది. మేడమ్ వైపు తిరిగి, "ఒక షర్తు మేడమ్. కాయిదంల ఆయా అని రాయొద్దు."

"సంరక్షకురాలు అని ఉంటది."

"అంటె?"

"కాపాడేటోళ్లు."

"గట్ల రాయి," అంది వదినె. "రాయి, ఊకె చూస్తవేంది?"

సాయంత్రం బస్సు దిగి గోదావరి అమ్మాయి ఉరికొచ్చింది. జరిగింది చెప్పాను. రెండో మనిషి ఎవరో చెప్పాను. ఆమె ఎదురింటి వైపు భయంగా చూసింది. వదినె నోరు ఆమెకూ తెలుసు.

"రేపొక్క రోజు ఇంటి కాడ ఉండు. దవాఖాన చీటీ రావాలె," అన్నాను.

"ఒక్క రోజేనా పిన్నిగారూ? నిజంగా ఒక్క రోజేనా?"

మంగళవారం వదినె పట్టుచీర కట్టుకొని దవాఖానకు పోయింది. కొడుకు బండి మీద దింపాడు, ఏమీ అనలేదట. సూది గుచ్చితే నర్సును ఏమన్నదో నేను చెప్పను, ఇది పదిమంది చదివేది. చీటీ తెచ్చింది. తాళం కూడా ఆమే కొనుక్కొచ్చి, సంపుకు వేసి, తాళంచెవి తన కొంగుకే ముడేసుకుంది. నాకివ్వలేదు. నీళ్లు కావాలంటే ఇప్పటికీ ఆమెనే అడగాలి.

బుధవారం చీకటి విచ్చకముందే నేను తలుపు తీసేసరికి వదినె అరుగు మీద కూర్చొని ఉంది, మా అరుగు మీద. గోదావరి అమ్మాయి పాపతో వచ్చింది. వదినె లేచి చేతులు చాచింది. ఆ అమ్మాయి పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"ఏడిస్తే భుజాన వేసుకోవాలండి. పాలు మరీ వేడిగా వద్దండి. అదీ..."

"నేను ముగ్గురిని గన్న బిడ్డా. ఇటియ్యి," అంది వదినె. మూలమీద హారన్ మోగింది. "బస్సొచ్చె. పో, ఉరుకు."

పాప ఆమె చేతుల్లోకి మారింది. వదినెను కొంచెంసేపు చూసి, ఏడవాలా వద్దా అని ఆలోచించింది. వదినె దానికంటే ముందే ఊగడం మొదలుపెట్టింది, ఎప్పుడో మరిచిపోయిన పని చేతులకు గుర్తొచ్చినట్టు. ఆ అమ్మాయి గల్లీ మలుపు దాకా వెనక్కి చూస్తూ, బస్సు వైపు ఉరుకుతూ, మళ్లీ చూస్తూ పోయింది.

"దీనికి దిష్టి తియ్యాలె," అంది వదినె. "నీ ఇంట్ల ఉప్పు ఏడ వెడతవే?"